జీన్ పరీక్షకు నేనెందుకు అడ్డం తిరిగాను

నేను జన్మలో బీడీ ముట్టలేదు. ఈ ముక్క మొదటే రాసిపెడుతున్నాను. నాకు ఊపిరితిత్తిలో క్యాన్సర్ అని తెలిసి పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ, కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే అదే అడిగాడు. "దినానికి ఎన్ని కట్టలు తాగేవాడివప్పా?" బీడీ లేదు, సిగరెట్టు లేదు, పొడుం లేదు. వక్కాకు కూడా పెండ్లి భోజనాల తరువాత తప్ప వేసుకున్న పాపాన పోలేదు. చెబితే నమ్మరు. ఓరగా నవ్వి, "పోనీలే, ఇప్పుడెందుకులే అదంతా" అంటారు. రోగం వచ్చిందంటే ఆ మనిషి ఏదో తప్పు చేసి ఉండాలని లోకానికి గట్టి పట్టుదల. తప్పు చేయనివాడికి కూడా వస్తుందంటే రేపు తమకూ రావచ్చు గదా. ఆ భయాన్ని తెచ్చి నా మంచం మీద పెట్టి పోయేవాళ్లు.

ఇప్పుడు నాకు నెమ్మదిగా ఉంది. మదనపల్లెలో మా ఇంటి మిద్దె మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. అన్నం సహిస్తోంది. కోపం కూడా మునుపటంత గట్టిగా వస్తోంది, అది మంచి గుర్తేనని నా భార్య రాజమ్మ అంటుంది. అందుకే కూర్చుని రాయగలుగుతున్నాను. బళ్లో నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ పైన చదివిందంతా పొట్లాల కాగితాలు, గ్రంథాలయంలో పేపర్లు, అడిగి తెచ్చుకున్న పుస్తకాలు. కాబట్టి ఇందులో డాక్టర్ల మాటలు ఎక్కడైనా తప్పు పడితే పడవచ్చు. నేను పడ్డ భయం మాత్రం తప్పు పడలేదు. ఆ భయం వల్లే ఇంచుమించు ప్రాణం పోగొట్టుకోబోయాను. అది ఇంకొకరు పడకూడదని ఈ రాత.

ఆషాఢం, మదనపల్లె

మామిడికాయల కాలంలో దగ్గు మొదలైంది. కాయలు అయిపోయినా దగ్గు పోలేదు. ఒక డాక్టరు దుమ్ము పడలేదన్నాడు. ఇంకొకాయన చల్లగాలి పడలేదన్నాడు. మదనపల్లెలో చల్లగాలి పడనివాడు ఎక్కడికి పోయి బతకాలి? టానిక్కు సీసాలు కిటికీలో వరస కట్టాయి. రాజమ్మ మిరియాల కషాయం కాచి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడేది.

ఆ డాక్టర్ల దగ్గర కాచుకుని కూర్చోవడం గురించి ఒక మాట చెప్పాలి. టోకెను ఇచ్చి కూర్చోబెడతారు. గోడకు టీవీ, అందులో ఎవరో వంట చేస్తుంటారు. ఆయాసంతో వచ్చినవాడు వంకాయ వేగడం చూస్తూ కూర్చోవాలి. మన టోకెను వచ్చేలోగా మందుల కంపెనీ పిల్లలు టై కట్టుకుని ముందు దూరిపోతారు. నేను ఒకసారి లేచి అడిగాను. "వాళ్లకేం రోగమమ్మా, మాకంటే ముందు పోతాండారు?" టోకెన్ల పాప నా వైపు చూడకుండానే, "కూసో తాతా, పిలుస్తా" అంది. అడగడానికి లేచిన ఆయాసం తీరేసరికి చాలాసేపు పట్టింది.

ఆ నెలాఖరుకు ఎడమ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. తరువాత పడుకోవడమే కుదరలేదు. దిండ్లు పేర్చుకుని ఆనుకుని కూర్చుంటే కొంచెం నయం. అప్పుడు మా కూతురు సరోజ కుప్పం నుంచి చూడటానికి వచ్చింది. ఆమె ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తుంది, అల్లుడు గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వచ్చిన పిల్లకు నేను టోకెన్ల సంగతే చెబుతున్నాను. మాట సగంలో ఆగిపోయింది. ఊపిరి అందలేదు.

"మాట్లాడే మనిషి ఆగిపోతాండాడంటే ఇది దగ్గు కాదమ్మా" అని వాళ్లమ్మతో అంది. నాతో అంది: "లేయ్ నాయినా. కుప్పం పోదాం. ఇంగ నీ మాట వినేదిల్యా."

శ్రావణం, కుప్పం

కుప్పంలో పెద్దాస్పత్రిలో వీపున సూది గుచ్చి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లు తీశారు. నొప్పి ఉంది. కానీ నీళ్లు దిగుతున్నకొద్దీ ఊపిరి లోపలికి పోవడం తెలిసింది. గాలి అంత రుచిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

తరువాత అసలు కథ మొదలైంది. అందరూ నా మంచానికి అవతల నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. సరోజ డాక్టరుతో ఇంగ్లీషులో, రాజమ్మ సరోజతో గుసగుసగా, అల్లుడు ఫోనులో. నన్ను అడిగితే "నెమ్ము నాయినా, నెమ్ము చేరింది" అంటారు. నెమ్ముకు ఇంతమంది ఏడవరు. మరునాడు డాక్టరమ్మ రౌండుకు వచ్చినప్పుడు నేనే అడిగాను. ఆమె కోస్తా వైపు అమ్మాయి, చిన్న వయసు, మాట నెమ్మది.

"అమ్మా, నాకు వచ్చింది క్యాన్సరేనా? మా వాళ్లు నన్ను పసిబిడ్డను చేసి ఆడిస్తాండారు."

ఆమె సరోజ వైపు చూసింది. తరువాత నా మంచం అంచున కూర్చుంది. అంతవరకు ఏ డాక్టరూ నా మంచం మీద కూర్చోలేదు. "అవును తాతగారూ" అంది. "ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. అక్కడి నుంచే ఈ నీళ్లు. దీనికి ఏ మందు ఇవ్వాలో తేలాలంటే ఇంకో పరీక్ష చేయాలి. ఆ గడ్డలో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉందేమో చూడాలి. ఉంటే రోజుకో మాత్రతో చాలా బాగా లొంగుతుంది."

క్యాన్సర్ అన్న మాటను నేను తట్టుకున్నాను. ఇంత వయసు వచ్చాక ఏదో ఒకటి రాక తప్పదు. జీన్ అన్న మాటను మాత్రం తట్టుకోలేకపోయాను. "ఆ పరీక్ష వొద్దు" అన్నాను. ఎందుకని అందరూ అడిగారు. చెప్పలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మాది పట్టుపురుగుల కుటుంబం. మా తమ్ముడు నాగరాజప్ప పుంగనూరులో మల్బరీ తోట పెట్టుకుని ఇప్పటికీ పురుగులు పెంచుతున్నాడు. నేను గుడ్లు తయారుచేసే ప్రభుత్వ కేంద్రంలో కూలీగా చేరి, అక్కడే పర్మనెంటయి, అక్కడే రిటైరయ్యాను. పురుగు గూడు కట్టి, గూట్లో నుంచి సీతాకోకలాంటి చిలుకై బయటికి వచ్చి, పరిచిన కాగితం మీద గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను కల్వంలో వేసి నూరి, ఆ చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. పెబ్రిన్ అనే రోగం ఒకటి ఉంది. దాని గింజలు తల్లిలో కనిపించాయంటే ఆమె పెట్టిన గుడ్లన్నీ కాల్చేయాలి. ఒక్క గుడ్డు మిగలకూడదు. ఆ గుడ్లు పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి. అయినా సరే. తల్లిలో ఉంటే బిడ్డల్లో ఉన్నట్టే. అక్కడ చిలుకలను నూరింది నేను. గుడ్ల కాగితాలు కాల్చింది కూడా నేనే.

ఈ జిల్లాలో పురుగులు పెంచే ఏ ఇంట్లోనైనా పసిపిల్లకు కూడా ఈ సంగతి తెలుసు. అందుకే మాలాంటివాళ్లకు జీన్ అనే మాట వినిపిస్తే, వేరే వాళ్లకు వినిపించినట్టు వినిపించదు. పేపర్లో చదివి జీన్ అంటే వంశం నుంచి వచ్చేదని నేనే అందరికీ చెప్పి ఉన్నాను. ఇప్పుడు నాలో అది తేలితే, నన్ను నూరి చూసినట్టే. నా కూతురు, ఆమె పిల్లలు, నా తమ్ముడు, వాడి సంతానం, అందరూ రోగపు తల్లి పెట్టిన గుడ్లవుతారు.

ఇది ఉత్త భయం కాదు. మా చిన్నతనంలో రామసముద్రం దగ్గర ఒక పల్లెలో ఒక ఇంటిలో పిల్లకు మూర్ఛ వచ్చింది. ఆ ఇంటికి 'ఫిట్సిల్లు' అని పేరు పడింది. ఆ పిల్లకు తరువాత నయమైపోయింది. పేరు మాత్రం పోలేదు. ఆ పిల్ల అన్నల కొడుకులకు కూడా చాలా దూరం నుంచి, ఆ పేరు తెలియని చోట నుంచి సంబంధాలు తెచ్చుకున్నారు. ఇప్పటికీ దారి అడిగితే ఆ పేరే చెబుతారు. మా వంశానికి అట్లాంటి పేరు నా ఒంటి మీదుగా రాకూడదనుకున్నాను. పైగా అప్పుడే నాగరాజప్ప మనవరాలు హేమకు వెంకటగిరికోటలో సంబంధం మాటలు నడుస్తున్నాయి. వాళ్లూ పురుగుల ఇంటివాళ్లే.

పరీక్ష చేయకపోతే నాకు గుడ్డిగా వేరే మందు ఎక్కించాలి, లేదా ఊరికే వదిలేయాలి. నేను ఊరికే వదిలేయమన్నాను. నా లెక్కలో అది న్యాయం. ముసలి చిలుక పోయినా, పరీక్ష లేకుండా పోతే గుడ్లు బతికిపోతాయి.

శ్రావణం చివర, పుంగనూరు

కుప్పం నుంచి మదనపల్లెకు తిరిగి వస్తూ దారిలో పుంగనూరులో తమ్ముడింట్లో దిగాం. వాడికి మాత్రం కారణం చెప్పాను. వాడు చాలాసేపు మల్బరీ కొమ్మ ఒకటి విరుస్తూ నిలబడ్డాడు.

"నువ్వు సెప్పేది నిజమే అన్నా" అన్నాడు. "ఆ కోటవాళ్లకు ఈ మాట పడిందంటే ఇంగ మన గడప తొక్కరు. పిల్ల పెండ్లి అయ్యేదాకా నెమ్ము అనే సెప్తాం. తర్వాత సూస్కుందాం."

చావడానికి ఒప్పుకోవడం నాకు న్యాయంగానే తోచింది. వీడు ఇంత తొందరగా ఒప్పుకోవడం మాత్రం సహించలేకపోయాను. కనీసం ఒకసారి వద్దనవచ్చు గదా? "తర్వాత సూస్కునేదానికి నేనుండాల గదరా" అన్నాను. వాడు తల వంచుకున్నాడు. ఆ రోజు వాడింట్లో నీళ్లు కూడా తాగకుండా బస్సెక్కాను. ఒళ్లు బాగాలేనివాడు అలిగితే ఎవరికి నష్టం? పొలిమేర దాటకముందే దాహం వేసింది.

ఇంటికి వచ్చాక రాజమ్మకు, సరోజకు కూడా కారణం తెలిసిపోయింది. తమ్ముడి పెండ్లాం ఫోను చేసి, "బావ ఎంత త్యాగం చేసినాడక్కా" అని ఏడ్చిందట. రాజమ్మ నాతో మాటలు మానేసింది. అన్నం పళ్లెం నా ముందు పెట్టేటప్పుడు వచ్చే చప్పుడే ఆమె మాట. సరోజ ఫోనులో అరిచింది.

"మేం పురుగులమా నాయినా? నన్ను నువ్వు కన్యావా, కాగితం మీద గుడ్డు పెట్న్యావా?"

"నీకు తెల్దు లేమ్మా" అన్నాను.

"నీకు తెలిసిందంతా సిలకల గురించి. మనుసుల గురించి ఆ డాక్టరమ్మను అడిగితే నోట్లో ముత్యాలు రాల్తాయా?"

చివరికి హేమ ఫోను చేసింది. ఆ పిల్ల చౌడేపల్లె దగ్గర పాల కేంద్రంలో ఉద్యోగం చేస్తుంది. పాలలో నీళ్లు కలిపినవాళ్లను మొహం మీదే అడిగే రకం. నా మీద కూడా అదే గొంతు తీసింది. "నా పెండ్లి కోసరం నువ్వు సావాలని నేను అడిగినానా తాతా? అందరూ సేరి మాట్లాడుకుంటాండారే, నన్నెవురన్నా ఒక మాట అడిగినారా?" మా ఇంట్లో ఇన్ని చర్చలు జరిగాయి. పెండ్లికూతురును అడగాలని ఒక్కరికీ తోచలేదు. చదువుకున్నవాణ్నని పేరు పెట్టుకున్న నాకూ తోచలేదు.

భాద్రపదం, మళ్లీ కుప్పం

నీళ్లు మళ్లీ చేరాయి. మళ్లీ కుప్పం, మళ్లీ సూది. అదే డాక్టరమ్మ. ఈసారి అందరినీ బయటికి పంపి తలుపు వేసింది.

"తాతగారూ, పరీక్ష వద్దనేవాళ్లను చూశాను. సూది భయమని అంటారు, ఖర్చు అని అంటారు. మీరు ఏ కారణమూ చెప్పకుండా వద్దంటున్నారు. ఏమిటి సంగతి?"

ఊపిరి ఆడని మనిషికి దాచుకునే ఓపిక ఉండదు. చెప్పేశాను. చిలుక, కల్వం, మైక్రోస్కోపు, కాల్చిన కాగితాలు, ఫిట్సిల్లు, హేమ, అన్నీ. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఆ జీన్ నాలో ఉంది" అంది. "ఈ సిస్టర్‌లో ఉంది, బయట ఉన్న మీ అమ్మాయిలో ఉంది, అందరిలోనూ ఉంది. అది లేకపోతే మనిషే లేడు. జీన్ ఉండటం రోగం కాదు తాతగారూ. కణం పైపొర మీద ఒక రిసెప్టర్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జీన్ ఇది. పెరగమని కబురు వస్తే ఆ రిసెప్టర్ అందుకుని లోపలికి చెబుతుంది. కబురు లేకపోతే ఊరుకుంటుంది. ఆ జీన్ మారిపోయిన కణాల్లో మాత్రం, కబురు రాకపోయినా వచ్చినట్టే చెబుతూ ఉంటుంది. కణాలు ఆగకుండా పెరుగుతాయి. గడ్డవుతుంది."

"బోరు మోటరుకు స్టార్టరు బటన్ లోపలే ఇరుక్కుపోయినట్టా?"

"అంతే. ఆ ఇరుక్కున్న బటన్‌ను పట్టి ఆపే మాత్ర ఉంది. మీకు అక్కడే ఇరుక్కుందో లేదో తెలియకుండా ఆ మాత్ర ఇస్తే దండగ. అందుకే పరీక్ష."

"అది నా బిడ్డలకు పోదా?"

"మీ అమ్మాయి పుట్టి ఎన్నేళ్లయింది?" అని ఎదురు అడిగింది. "ఇది మీకు పుట్టుకతో వచ్చింది కాదు. ఈ వయసులో, మీ ఊపిరితిత్తిలో, ఆ ఒక్క చోట జరిగిన మార్పు. ఆమె ఎప్పుడో పుట్టేసింది. ఇప్పుడు జరిగింది ఆమెకు ఎట్లా పోతుంది? పుట్టుకతో వచ్చే మార్పులు కొన్ని క్యాన్సర్లలో ఉంటాయి, కాదనను. ఆ అనుమానం ఉంటే మేమే ఇంటివాళ్లను పిలిచి చెబుతాం. మీ దగ్గర మాకు ఆ అనుమానం లేదు."

పురుగుల రోగాల్లో కూడా రెండు రకాలు. పెబ్రిన్ తల్లి నుంచి గుడ్డులోకి వస్తుంది. సున్నపుకట్టు అనే రోగం ఉంది, పురుగు సున్నం ముక్కలాగా గట్టిపడి చస్తుంది. అది గుడ్డులో రాదు, పెంచే తట్టలో వస్తుంది. దానికి ఎవరూ తల్లిని తిట్టరు, గుడ్లు కాల్చరు. ఇంతకాలం ఆ రెండూ తెలిసి ఉండి, నాకు వచ్చింది మొదటి రకమేనని నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఈ పోలిక కూడా పూర్తిగా కుదరదు, సున్నపుకట్టు అంటుకుంటుంది, ఇది అంటుకోదు. కానీ నా బుర్రకు ఎక్కడానికి ఆ మాత్రం చాలింది.

"గుడ్డులోది కాదు, తట్టలోది" అన్నాను.

"అదేమిటో నాకు తెలియదు గానీ, మీరు సంతకం పెడతారా?"

"మా తమ్మునికి ఒక మాట సెప్పమ్మా ముందు."

ఆమె తన ఫోనులోనే వాడితో మాట్లాడింది. చెప్పిందంతా విని వాడు, "పిల్లకాయలకు రాదని రాసిస్తారామ్మా?" అని అడిగాడు. ఆ అమ్మాయికి మొదటిసారి కోపం వచ్చింది. "రాసివ్వడానికి నేను భూమి అమ్ముతున్నానా అండీ? మీ అన్నయ్యకు ఊపిరి ఆడటం లేదు" అంది. ఆ సాయంత్రానికి నాగరాజప్ప పుంగనూరు నుంచి కుప్పం వచ్చేశాడు. నా మంచం పక్కన నిలబడి, నా కాళ్ల మీద దుప్పటి సర్దాడు. తీసి మళ్లీ సర్దాడు. "సాల్లేరా, సెమటలు పడతాండాయి" అన్నాను. అంతటితో మా మధ్య అది అయిపోయింది.

నేను సంతకం పెట్టాక, గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పెద్ద ఊరికి పంపారు. జవాబు వచ్చేదాకా ఉన్న రోజులు వింతవి. మొన్నటిదాకా అది నాలో ఉంటుందేమోనని భయం. ఇప్పుడు లేకుండా పోతుందేమోనని భయం. ఉంటే మాత్ర, లేకపోతే నరంలోకి ఎక్కించే మందులు. జీవితమంతా రోగం లేదన్న మాట కోసమే కాచుకున్నాను, ఉందనాలని మొక్కుకోవడం అదే మొదలు.

కాచుకునే హాలులో ఇనుప కుర్చీలు. అరవదేశం నుంచి భార్యను తీసుకొచ్చిన ఒకాయన రోజూ నా పక్కన కూర్చునేవాడు. ఆయన తువ్వాలు మడిచి నా కుర్చీ మీద వేసి, "ఉక్కారుంగ" అని అరవంలో కూర్చోమనేవాడు. నేను వద్దంటే వినేవాడు కాదు. ఆయన భార్య సంగతి ఏమీ బాగాలేదని ఆయన మొహమే చెప్పేది. అయినా నా కుర్చీ చల్లగా ఉందేమోనని చూసుకున్నాడు. నన్ను ఎన్ని బీడీలు తాగావని అడగనిది కూడా ఆయనొక్కడే. తరువాత వాళ్లు కనిపించలేదు. ఎక్కడున్నా ఆమె బాగుండాలి.

జవాబు వచ్చిన రోజు సరోజ హాలులో అటు చివర నుంచే అరిచింది. "ఉండాది నాయినా! ఉండాది!" పరీక్ష పాసైన పిల్లలాగా. చుట్టూ ఉన్నవాళ్లు ఏముందో తెలియక మా వైపు చూశారు. రాజమ్మ నా భుజం మీద ఒక్కటి చరిచింది. ఇన్ని రోజుల తరువాత ఆమె నాతో అన్న మొదటి మాట ఇది: "ఇంగన్నా ఆ మాత్ర మింగుతావా, దాన్ని కూడా సిలకలను అడిగి మింగుతావా?"

కార్తీకం, మదనపల్లె

ఆ మాత్ర ఖరీదు, దాని కోసం తిరిగిన తిరుగుడు రాస్తే అది వేరే పుస్తకమవుతుంది, నాకు రక్తపోటు కూడా వస్తుంది. రాయను. మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాక ఆయాసం ముందు తగ్గింది, దగ్గు తరువాత తగ్గింది. నీళ్లు మళ్లీ చేరలేదు.

దాని బదులు వేరేవి వచ్చాయి. ముక్కు మీద, చెంపల మీద, వీపున, మొటిమలు. నా వయసులో మొటిమలు! అంగడికి పోతే శెట్టి, "ఏమప్పా, మళ్లా పెండ్లి కుదిరిందా?" అన్నాడు. గోళ్ల పక్కన పుండ్లు పడి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను. విరేచనాలు. ఒళ్లంతా ఎండి పొట్టు రాలింది. తరువాత కంటి రెప్పల వెంట్రుకలు పొడుగ్గా పెరగసాగాయి. రాజమ్మ దగ్గరికి వచ్చి చూసి, "నాకు వయసులో ల్యాకపాయ ఇట్లాంటివి" అని నిట్టూర్చింది. ఇవన్నీ మందు చేసే పనులేనని, చాలావాటికి పూత మందులు, మాత్రలు ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. చెప్పకుండా ఓర్చుకుంటే గొప్ప కాదు. నేను ఓర్చుకుని గోళ్లు పాడుచేసుకున్నాను. మీరు చేయకండి.

తరువాత తీసిన స్కానులో గడ్డ బాగా చిన్నదైంది. పోయిందని ఎవరూ అనలేదు. ఈ మాత్ర కొంతకాలానికి పని చేయడం మానేయవచ్చని, అప్పుడు వేరేది చూస్తామని ముందే చెప్పారు. నిజం చెప్పినందుకు నాకు సంతోషం. ఎంతకాలమని నేను అడగలేదు. ఆ సమాధానం నాకు అక్కర్లేదు.

మాఘం, పుంగనూరు

మధ్యలో మూఢం వచ్చి ఆగిన సంబంధం మళ్లీ కదిలింది. కోటవాళ్లు పిల్లను చూడటానికి వస్తున్నారని తమ్ముడు కబురు పెట్టాడు. మేం పోయేసరికి వాడు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, వాళ్లుండేంత సేపు లోపల రూములో పండుకుంటావా? మొగం మీద ఇవి సూసి ఏమైందంటారు. నాకు తెలుసు ఇది వంశానిది కాదని. వాళ్లకు తెల్దు గదా?"

"తెల్దు గాబట్టే ఈడ కూసుంటా" అన్నాను. వసారాలో నడిమి కుర్చీలో కూర్చున్నాను. పైకి గట్టిగా ఉన్నానే గానీ లోపల భయమే. నా ప్రాణం గట్టెక్కింది. ఇప్పుడు నా మొహం చూసి ఈ పిల్ల సంబంధం చెడితే, నేను ముందు భయపడిందే నిజమవుతుంది.

వాళ్లు వచ్చారు. పిల్లవాడు, తల్లిదండ్రులు, తాత గోవిందప్ప. అవ్వకు మోకాళ్ల నొప్పులని తీసుకురాలేదన్నారు. బూరెలు తిన్నారు. హేమ వచ్చి కూర్చుంది, పిల్లవాణ్ని వాళ్లింట్లో పాలు ఎవరు పితుకుతారని అడిగింది. నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో గోవిందప్ప నా వైపు తిరిగాడు.

"నీకు జీన్ రోగమంట గదప్పా? సంతలో అనుకుంటాండారు."

తమ్ముడి మొహం తెల్లబోయింది. రాజమ్మ చేతిలో పళ్లెం ఆగిపోయింది.

"క్యాన్సరప్పా, ఊపిరితిత్తిలో" అన్నాను. "మాత్ర వేసుకుంటాండాను, బాగుండాను. నువ్వు పురుగులు మేపేవాడివి, నీకు రెండు ముక్కల్లో సెప్తా. ఇది గుడ్డులో వొచ్చింది కాదు. తట్టలో వొచ్చింది. నన్ను నూరి సూసినా నా పిల్లకాయలకు దోసం ల్యా. నమ్మితే నమ్ము. ల్యాకుంటే కుప్పంలో డాక్టరమ్మ ఉండాది, పోయి అడుగు."

గోవిందప్ప కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాడు. "పురుగుల షెడ్డు సూపియ్యప్పా ఒకసారి" అన్నాడు. అయిపోయిందనుకున్నాను. మర్యాదగా బయటికి పోయి చెబుతాడు కాబోలు.

షెడ్డులో పురుగులు ఆకు తింటుంటే సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు. ఆయన తలుపు దగ్గరగా వేశాడు.

"మా ఇంటామెకు మోకాళ్ల నొప్పి ల్యాదప్పా" అన్నాడు. "దగ్గుతాండాది. సందేళ జొరం. సగమైపాయ మనిసి. ఈ పెండ్లి అయ్యేదాకా ఎవురికీ సెప్పొద్దని, డాక్టరు కాడికి కూడా రానంటాండాది. మా ఇంటికి పేరు పడతాదంట. నీకు వొచ్చిందే దానికీ వొచ్చుంటాదా?"

వాళ్లూ మేమూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి దగ్గర ఒకరం రోగం దాచుకుంటూ, బూరెలు తిన్నాం. నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన భుజం పట్టుకున్నాను. "నాకేం తెల్సప్పా? పరీక్ష వొద్దనే తప్పు నేను సేసినాను, నువ్వు సేయొద్దు. పదా, కుప్పం పోదాం. నేనూ వస్తాండాను."

షెడ్డులో నుంచి బయటికి వచ్చేసరికి అందరూ మా మొహాలు చూశారు. గోవిందప్ప సీదా పోయి కూర్చుని, "ముహూర్తాలు సూడండి" అన్నాడు.

రెండు రోజుల తరువాత ఆయన, ఆయన భార్య యశోదమ్మ, నేను కుప్పంలో అవే ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. డాక్టరమ్మ ఆమెకు మాస్కు పెట్టించి వేరే డాక్టరు దగ్గరికి పంపింది. కళ్లె పరీక్ష, ఛాతీ ఫొటో, మళ్లీ రమ్మనడం, మళ్లీ కాచుకోవడం. గోవిందప్ప కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. ఆ రోజులు నాకు కొత్త కాదు గనుక ఆయనకు కబుర్లు చెబుతూ కూర్చున్నాను. మొటిమల సంగతి చెప్పినప్పుడు ఒక్కసారి నవ్వాడు.

చివరికి లోపలికి పిలిచారు. నేను బయటే ఉన్నాను. తలుపు తెరుచుకుని ఆయన పరుగులాంటి నడకతో వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు.

"టీబీ అంటప్పా! టీబీనే! నీది కాదంట! మందులుండాయంట, ఊరికే ఇస్తారంట, ఆరేడు నెల్లు మింగితే పోతాదంట!"

టీబీ కూడా మనుషులను తినేసే రోగమే. మాత్రలు మధ్యలో మానితే ఊరుకోదు. అదంతా నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో ఆ మాట మనవడు పుట్టాడన్నంత తియ్యగా వినిపించింది. ఇద్దరం ముసలివాళ్లం ఒకరి చేతులు ఒకరం ఊపుకుంటూ ఆ హాలు మధ్యలో నవ్వుతూ నిలబడ్డాం. హాలంతా మమ్మల్నే చూస్తోంది.

యశోదమ్మ మెల్లగా గోడ పట్టుకుని బయటికి వచ్చింది. మాస్కు వెనక నుంచే మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది.

"రోగమొచ్చింది నాకు, పండగ మీకా? సాల్లే సంబడం. ముందు ఆ మాత్రలు యాడిస్తారో అడుగుపోండి."